ట్యాంకుకి ఒకరు, బండికి ఒకరు, డ్రైవర్‌కి ఒకరు... రోడ్డెక్కాక ఎవరు?

హైవే మీద ట్యాంకర్ వెనకాల చిక్కుకుపోయి, ఓవర్‌టేక్ చేసే వీల్లేక విసుక్కుంటున్నప్పుడు ఆ రెండు నిమిషాలు దాని వెనక ఉన్న బోర్డు చదవండి. నాలుగంకెల నంబరు ఒకటి ఉంటుంది. మూల మీద నిలబెట్టిన చతురస్రంలో మంట బొమ్మో పుర్రె బొమ్మో ఉంటుంది, కింద ఫోన్ నంబర్లు ఉంటాయి. 1203 అంటే పెట్రోలు. 1202 డీజిల్. 1075 ఎల్పీజీ, 1005 అమోనియా, 1017 క్లోరిన్, 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్. ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ ఖరారు చేసిన నంబర్లు ఇవి, ఏ దేశం వెళ్లినా ఇవే. మన దగ్గర ఈ బోర్డు ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 134వ నిబంధన మిల్లీమీటర్లతో సహా చెప్తుంది. సరుకు పేరు అక్షరాలు 50 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు, నంబరు అంకెలు 100కు తగ్గకూడదు, బండికి రెండు పక్కలా, వెనకా మొత్తం మూడు చోట్ల కనపడాలి.

ఇంత వివరంగా నిబంధనలు రాసుకున్న దేశంలోనే 2024 డిసెంబర్ 20 తెల్లవారుజామున జైపూర్–అజ్మీర్ హైవే మీద భాంక్‌రోటా దగ్గర ఒక ఎల్పీజీ ట్యాంకర్ యూటర్న్ తీసుకుంటుంటే అటుగా వచ్చిన లారీ దాన్ని గుద్దింది. నాజిల్స్ విరిగాయి, గ్యాస్ రోడ్డంతా పరుచుకుంది, అంటుకుంది. ముప్పై దాకా వాహనాలు కాలిపోయాయి, వాటిలో ఒక స్లీపర్ బస్సు కూడా ఉంది. ఇరవై మంది దాకా చనిపోయారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మనమంతా అడిగే ప్రశ్న ఒకటే, అధికారులు ఏం చేస్తున్నారు అని. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు వెతకడం మొదలుపెడితే ముందు ఇంకో ప్రశ్న అడ్డం వస్తుంది. ఏ అధికారులు?

ఒక్క ఎల్పీజీ ట్యాంకర్‌నే తీసుకుందాం. పైన ఉన్న ట్యాంకు కేంద్రానిది, అంటే దాని మీద అజమాయిషీ పెసో అని పిలిచే పెట్రోలియం అండ్ ఎక్స్‌ప్లోజివ్స్ సేఫ్టీ ఆర్గనైజేషన్‌ది. నాగ్‌పూర్‌లో ప్రధాన కార్యాలయం, 1898లో పుట్టిన సంస్థ, ఇప్పుడు కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ కింద ఉంది. ఒత్తిడిలో గ్యాస్ మోసే ట్యాంకుల డిజైన్, ఆమోదం, లైసెన్స్ అన్నీ 2016లో కొత్తగా తెచ్చిన ప్రెషర్ వెసెల్స్ నిబంధనల ప్రకారం వీళ్లే చూస్తారు. అయిదేళ్లకోసారి ట్యాంకులో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి పరీక్షించాలి, లోహాన్ని తినేసే గ్యాసులకూ విష వాయువులకూ అయితే రెండేళ్లకోసారి. అదే పెట్రోలు ట్యాంకర్ అయితే సంస్థ అదే గానీ నిబంధనలు వేరు, 1934 నాటి పెట్రోలియం చట్టం కింద వచ్చిన 2002 నిబంధనలు. జిలెటిన్ స్టిక్స్ మోసే వ్యాన్‌కి 2008 ఎక్స్‌ప్లోజివ్స్ నిబంధనలు.

ఆ ట్యాంకు కింద ఉన్న చాసిస్, టైర్లు, బ్రేకులు, లైట్లు మాత్రం రాష్ట్ర రవాణా శాఖవి. మనవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికో, ఇప్పుడిప్పుడే వస్తున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్‌కో వెళ్లి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేయించుకోవాలి. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా. డ్రైవర్ లైసెన్స్ కూడా రవాణా శాఖదే. లోపల ఉన్న సరుకు పర్యావరణ శాఖది. భోపాల్ తర్వాత వచ్చిన 1986 పర్యావరణ చట్టం కింద 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి, ఆ రెండో దాని ప్రకారం జిల్లాలో సంక్షోభ బృందానికి కలెక్టర్ అధ్యక్షుడు. అది రసాయన వ్యర్థమైతే ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో రాసే కాలుష్య నియంత్రణ మండలి మానిఫెస్ట్ కాగితాలు, రేడియోధార్మిక పదార్థమైతే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి. నడిచే రోడ్డు జాతీయ రహదారుల సంస్థది, ఆ రోడ్డు మీద స్పీడు పోలీసులది, అంటుకుంటే ఆర్పడం ఫైర్ వాళ్ల పని.

వీళ్లలో ఎవరూ పని చెయ్యరని నేను అనడం లేదు. పెసో ఇంజినీర్లు ట్యాంకు అతుకుల దగ్గర ఎంత పట్టుగా ఉంటారో ఆ ట్యాంకులు తయారుచేసేవాళ్లని అడిగితే చెప్తారు. నా బాధ వేరే చోట ఉంది. పైన చెప్పిన తనిఖీల్లో దాదాపు అన్నీ బండి నిలబడి ఉన్నప్పుడు జరిగేవే. ట్యాంకు వర్క్‌షాపులో ఉంటుంది, బండి ఆఫీసు ఆవరణలో ఉంటుంది, డ్రైవర్ క్లాస్‌రూమ్‌లో ఉంటాడు. ఈ మూడూ కలిసి రాత్రి రెండింటికి గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ఒక ఊరి మధ్యలోంచి వెళ్తున్నప్పుడు, ఆ మొత్తాన్ని ఒక్కటిగా చూసే కన్ను లేదు. జైపూర్ సంగతే చూడండి. ట్యాంకు రేకు మందం గురించి ఎంత మాట్లాడుకున్నా, అంత పొడవైన గ్యాస్ ట్యాంకర్ హైవే మీద ఆ చోట ఎందుకు వెనక్కి తిరగాల్సి వచ్చిందన్నది తేలదు. యూటర్న్ గ్యాప్ రోడ్డు ఇంజినీర్ ఫైల్లో ఉంటుంది, నాజిల్ పెసో ఫైల్లో ఉంటుంది. ఆ రెండు ఫైళ్లూ కలిసి ఒకే టేబుల్ మీదికి రావు.

అసలు ట్యాంకర్‌ని మామూలు లారీలా చూడకూడదని ఎందుకంటారో ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే నిబంధనల్లో సగం ఇది తెలిస్తే గానీ అర్థం కావు. సిమెంటు బస్తాలు లోడు చేసిన చోటే ఉంటాయి. ద్రవం ఉండదు. సగం నిండిన ట్యాంకర్ సడన్‌గా బ్రేక్ కొడితే బండి ఆగుతుంది గానీ లోపల సరుకు ఆగదు, ఒక క్షణం ఆలస్యంగా ముందుకొచ్చి గోడను తన్నుతుంది, ఆగిన బండిని మళ్లీ ముందుకు నెడుతుంది. మలుపులో అదే ద్రవం పక్కకు ఎగబాకుతుంది, అసలే ట్యాంకర్ బరువంతా ఎత్తులో ఉంటుంది కాబట్టి కారు హాయిగా తిరిగే వేగంలో కూడా ట్యాంకర్ పడిపోగలదు. అందుకే పెట్రోలు ట్యాంకుల్ని లోపల గదులుగా విడగొడతారు, పెద్ద ట్యాంకుల్లో రంధ్రాలున్న అడ్డు పలకలు పెడతారు.

ఎల్పీజీ అయితే ఇంకో సంగతి ఉంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. గాలి కంటే బరువు, పైకి పోదు. కాలవల్లో, పల్లంలో, రోడ్డు పక్క గుంటల్లో పారుతూ పోయి ఎక్కడో ఒక పొయ్యి దగ్గరో ఇంజిన్ దగ్గరో అంటుకుంటుంది. ట్యాంకుని 85 శాతానికి మించి నింపకూడదన్న నియమం కూడా ఇందుకే, ఎండకి ద్రవం ఉబ్బితే చోటుండాలి. ఇక ట్యాంకు కింద మంట పడితే, లోపల ద్రవం తగులుతున్న రేకు కొంతసేపు చల్లగా ఉంటుంది గానీ పైన ఖాళీ భాగం రేకు వేడెక్కి మెత్తబడి చీలిపోతుంది, లోపలిదంతా ఒక్కసారిగా మరిగి నిప్పుల బంతిలా లేస్తుంది. కేరళ కన్నూర్ దగ్గర చాలా అనే ఊళ్లో 2012 ఆగస్టు 27 రాత్రి ఎల్పీజీ ట్యాంకర్ ప్రమాదంలో పేలిపోతే 20 మంది పోయారు, వాళ్లలో ఇళ్లల్లో ఉన్నవాళ్లున్నారు.

స్పెయిన్‌లో 1978 జులై 11న జరిగింది ఇంకా ఘోరం. ప్రొపిలీన్ ట్యాంకర్‌లో మోతాదు కంటే చాలా ఎక్కువ నింపారు, ఒత్తిడి పెరిగితే వదిలేసే వాల్వు దానికి లేదు, అప్పటికి ఆ వాల్వు తప్పనిసరి కూడా కాదు. సముద్రం ఒడ్డున లోస్ ఆల్ఫాకెస్ అనే క్యాంపింగ్ స్థలం పక్క నుంచి వెళ్తూ అది చీలి పేలింది. సెలవులకి వచ్చిన కుటుంబాలు, రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఇలాంటి సరుకు జనావాసాల మధ్య నుంచి పోకూడదని నిబంధన తెచ్చారు. ట్యాంకు ఎంత గట్టిదన్న దానికి, అది ఏ దారిన పోతుందన్నది ఏమాత్రం తక్కువ విషయం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక డ్రైవర్. ముందు చెప్పిన కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 9వ నిబంధన ప్రకారం ప్రమాదకర సరుకు బండి నడపాలంటే మామూలు హెవీ లైసెన్స్ చాలదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఒక భారతీయ భాష చదవడం రాయడం రావాలి, మూడు రోజుల శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్ ఉండాలి. సిలబస్ చదివితే ముచ్చటేస్తుంది, బోర్డు మీద కోడ్‌లు చదవడం, లీకయితే ఏం చెయ్యాలి, మంట ఎలా ఆర్పాలి, విషవాయువు అయితే ఎలా, బావులూ చెరువులూ పాడవకుండా ఎలా కాపాడాలి, ప్రథమ చికిత్స, అన్నీ ఉన్నాయి. మూడు రోజుల్లో! ఇంతకు ముందు ఏడాదికోసారి లైసెన్స్ రెన్యువల్ ఉండేది, మోటారు వాహన చట్టానికి 2019లో తెచ్చిన సవరణతో అది మూడేళ్లకోసారి అయింది, రెన్యువల్‌కి ఒక్క రోజు రిఫ్రెషర్. డ్రైవర్లకు తిప్పట తగ్గిందన్నది నిజమే, అది మంచిదే. కానీ మూడేళ్లలో ఒక్క రోజు మాత్రమే ఆ పాఠం గుర్తు చేస్తే, అమోనియా లీకయిన క్షణంలో ఆ మనిషికి ఏం గుర్తుంటుందన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

నిద్ర సంగతి ఇంతకంటే ముఖ్యం. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. మోటారు వాహన చట్టం 91వ సెక్షన్ కూడా దాన్నే చూపిస్తుంది. అయితే 1961 చట్టం అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే వర్తించేలా రాశారు. మన లారీల్లో పెద్ద భాగం ఒకటీ రెండూ బండ్లున్న ఓనర్లవి. అంటే ఏ డ్రైవర్‌కి ఆ రక్షణ ఎక్కువ అవసరమో అతనే చట్టం బయట నిలబడ్డాడు. ఆ చట్టాన్ని 2020 కార్మిక కోడ్‌లో కలిపారు, అది వేరే కథ. డ్రైవర్‌కి జీతం కొంత, ట్రిప్పుకింత అని బత్తా కొంత. ట్రిప్పులు పెరిగితేనే చేతికి డబ్బు. ఇలాంటి లెక్కలో ‘అలసిపోతే ఆపుకో’ అని చెప్పడం తేలిక, ఆపుకోవడం అతని జేబుకి కష్టం. ఆపాలన్నా చోటేది? 133వ నిబంధన ప్రకారం ఆగినప్పుడు బండి మంటకూ పేలుడుకూ దూరంగా సురక్షితమైన చోట ఉండాలి, డ్రైవరో, పద్దెనిమిదేళ్లు దాటిన, ఆ పని తెలిసిన ఇంకొకరో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. మంచి నియమం. కానీ గ్యాస్ ట్యాంకర్లకంటూ విడిగా కంచె వేసి, మంచం వేసి, నీళ్లు పెట్టిన పార్కింగ్ మన హైవేల మీద ఎన్ని చోట్ల కనపడుతుంది? ధాబా పక్కన, పొయ్యికి పాతిక అడుగుల దూరంలో ఆపడం అతని తప్పు మాత్రమే అని అనలేను. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారు, దీన్ని సౌకర్యం అని కొందరు ఎద్దేవా చేశారు గానీ మే నెల ఎండలో ఇంజిన్ వేడి పక్కన పది గంటలు కూర్చున్నవాడికి అది భద్రతా పరికరమే.

జరిమానాల దగ్గరికి వస్తే నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 194వ సెక్షన్ కింద కాటా వేసి పట్టుకుంటే 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. అదే ప్రమాదకర సరుకు నిబంధనలు ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 10,000, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి 20,000, లేదా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండూ. జైలు మాట ఉంది కాబట్టి కాగితం మీద రెండోదే కఠినం. కానీ చెక్‌పోస్ట్ దగ్గర జైలు పడదు, కోర్టుకి వెళ్తే గానీ పడదు. రోడ్డు పక్కన చేతికొచ్చే లెక్క చూస్తే కంకర ఎక్కువ వేసుకున్న టిప్పర్‌కి తగిలే దెబ్బ కంటే క్లోరిన్ సిలిండర్లు బోర్డు లేకుండా తీసుకెళ్లే లారీకి తగిలేది తక్కువ. పైగా ఓవర్‌లోడ్ పట్టుకోవడానికి కాటా ఉంది, ఆ బోర్డు సరైనదో కాదో పట్టుకోవడానికి చదవడం వచ్చిన మనిషి కావాలి.

సరుకు పంపేవాళ్ల బాధ్యత గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం, నిజానికి నిబంధనలు మొదలయ్యేదే అక్కడ. 131వ నిబంధన ప్రకారం ఫ్యాక్టరీ వాళ్లే బండికి రిజిస్ట్రేషన్, పర్మిట్ ఉన్నాయో లేదో, డ్రైవర్ శిక్షణ పొందాడో లేదో, ప్రథమ చికిత్స పెట్టె, విషానికి విరుగుడు మందు ఉన్నాయో లేదో చూసుకుని, ఆ సరుకు గురించి పూర్తి సమాచారం ట్రాన్స్‌పోర్టర్‌కి ఇవ్వాలి. ఆ సమాచారమే ట్రెమ్ కార్డు పేరుతో క్యాబిన్‌లో ఉండాలి. పెద్ద ఆయిల్ కంపెనీలు దీన్ని గట్టిగా పట్టించుకుంటాయి. ట్యాంకర్ల ఓనర్లకు వాటి క్రమశిక్షణ మార్గదర్శకాలు విడిగా ఉన్నాయి, తప్పు చేస్తే బ్లాక్‌లిస్ట్‌లో పెడతాయి. చలానా అయితే కట్టేస్తారు, కాంట్రాక్ట్ పోతే మాత్రం బండి ఇంటి ముందు నిలబడుతుంది. అందుకని, నా అంచనాలో పెట్రోలు, ఎల్పీజీ ట్యాంకర్ల కంటే ఎక్కువ భయపడాల్సింది ఊరి చివర చిన్న ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ముల్లో యాసిడో ద్రావకమో టార్పాలిన్ కప్పి తీసుకెళ్లే మామూలు లారీని చూసి. దానికి పెద్ద కొనుగోలుదారు కళ్లు లేవు, పైనుంచి చూస్తే అందులో ఏముందో ఎవరికీ తెలియదు కూడా.

సాంకేతికతతో ఇదంతా సరిచేస్తామంటున్నారు. 2022లో వచ్చిన నోటిఫికేషన్‌తో ప్రమాదకర సరుకు మోసే మధ్య తరహా, భారీ లారీలకు కొత్తగా తయారయ్యేవాటి నుంచి మొదలుపెట్టి ట్రాకింగ్ పరికరం తప్పనిసరి అయింది. నాకు ఇది నచ్చింది, ఇన్నాళ్లకు కదిలే బండిని చూసే ఏర్పాటు ఒకటి వచ్చింది. కానీ పరికరం సిగ్నల్ పంపుతుంది, అంతే. డ్రైవర్ పన్నెండు గంటలుగా ఆగకుండా నడుపుతున్నాడని స్క్రీన్ మీద చూసి ఫోన్ చేసి ఆపించే అధికారం, బాధ్యత ఒక మనిషికి అప్పగిస్తేనే దానికి విలువ.

అమెరికాలో దీన్ని ఎలా చేస్తారో చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడా గొడవలు బోలెడు, అక్కడా రెండు సంస్థలున్నాయి. లారీలూ డ్రైవర్లూ 2000 జనవరిలో మొదలైన ఎఫ్ఎంసీఎస్ఏ చూస్తుంది, ప్రమాదకర సరుకు నిబంధనలు 2004 చట్టంతో ఏర్పడిన పీహెచ్ఎంఎస్ఏ రాస్తుంది, కానీ రెండూ ఒకే రవాణా శాఖ కింద ఉంటాయి. సరుకు లారీ డ్రైవర్ పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక పద్నాలుగు గంటల వ్యవధిలో 11 గంటలు మాత్రమే నడపాలి, 2017 డిసెంబర్ నుంచి ఆ లెక్క ఇంజిన్‌కి తగిలించిన పరికరమే రాస్తుంది. కంపెనీ నంబరు కొడితే ఆ కంపెనీ బండ్లకి ఎన్ని తనిఖీలు జరిగాయో, ఎన్నింటిని రోడ్డు మీదే ఆపేశారో మామూలు మనిషి కూడా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. కొన్ని రకాల ప్రమాదకర సరుకు మోసే కంపెనీకి కనీసం 50 లక్షల డాలర్ల బీమా ఉండాలి. ఇవన్నీ ఉండి కూడా 2023 జూన్ 11న ఫిలడెల్ఫియాలో పెట్రోలు ట్యాంకర్ బోల్తాపడి కాలితే దాని పైనున్న ఐ-95 హైవే వంతెన భాగం కూలిపోయింది, డ్రైవర్ చనిపోయాడు. కాబట్టి అమెరికా స్వర్గమని చెప్పడం లేదు.

నేను అక్కడి నుంచి తెచ్చుకోవాలనుకునేది ఒక్కటే, ప్రమాదం జరిగాక ఏం చేస్తారన్నది. ఎన్టీఎస్బీ అనే స్వతంత్ర సంస్థ పెద్ద ప్రమాదాల దగ్గరికి వెళ్తుంది. ఎవర్ని జైల్లో వెయ్యాలని అడగదు, ఎందుకు జరిగిందని అడుగుతుంది. 2023 సెప్టెంబర్ 29న ఇల్లినాయ్‌లో టుటోపోలిస్ ఊరి దగ్గర అమోనియా ట్యాంకర్ రోడ్డు దిగి పడితే అయిదుగురు చనిపోయారు. పక్కన ఆపి ఉన్న ఓ ట్రెయిలర్ కొక్కెం ట్యాంకుని పొడిచిందని తేల్చింది వీళ్లే. సిఫార్సు చెయ్యడం తప్ప ఆదేశించే అధికారం దానికి లేదు, అయినా ఆ నివేదిక అందరూ చదవొచ్చు, తర్వాత ట్యాంకు డిజైన్ చేసేవాళ్లు దాన్ని తోసిపుచ్చలేరు.

మన దగ్గర రైలు ప్రమాదానికి రైల్వే సేఫ్టీ కమిషనర్ ఉన్నాడు, ఆయన్ని రైల్వే ప్రభావం పడకుండా పౌర విమానయాన శాఖ కింద పెట్టారు. విమానానికి 2012లో ఏర్పడిన ప్రమాద దర్యాప్తు బ్యూరో ఉంది. రోడ్డుకి పోలీస్ స్టేషన్ ఉంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది, అంత పెద్ద సంఖ్యకి పోలీసుల దర్యాప్తు తప్ప విడిగా స్వతంత్ర దర్యాప్తు సంస్థ లేదు. ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపి’ అన్న వాక్యం ఉంటుంది, చాలాసార్లు నిజమే అయ్యుంటుంది, కానీ ఆ వాక్యం దగ్గరే కథ ఆగిపోతుంది. వాల్వు ఎందుకు మూసుకోలేదు, ఆ యూటర్న్ ఎవరు వదిలారు, ఆ డ్రైవర్ చివరిసారి ఎప్పుడు పడుకున్నాడు, ఈ ప్రశ్నలు రాసుకునే కాలమ్ అందులో లేదు. జాతీయ రోడ్డు భద్రతా బోర్డుకి 2019 సవరణలో చోటిచ్చారు, 2021లో దాని నిబంధనలు వచ్చాయి, కానీ అది సలహాలిచ్చే బోర్డు. ప్రమాద స్థలానికి వెళ్లి విరిగిన నాజిల్‌ని చేత్తో పట్టుకుని చూసే బృందం మనకి కావాలి. పెసో నుంచి ఒకరు, రోడ్డు ఇంజినీర్ ఒకరు, రవాణా శాఖ నుంచి ఒకరు, డాక్టర్ ఒకరు, నివేదిక జనానికి కనపడాలి. కొత్త మంత్రిత్వ శాఖేమీ అక్కర్లేదు.

ఇదంతా జరిగేలోపు రోడ్డు మీద మనమూ ఉంటాం. 2017 జూన్ 25న, రంజాన్ పండగకి ముందు రోజు, పాకిస్తాన్‌లో అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర పెట్రోలు ట్యాంకర్ బోల్తాపడింది. చుట్టుపక్కల జనం బిందెలూ సీసాలూ తీసుకుని పరుగెత్తుకొచ్చారు. అది అంటుకుంది, రెండు వందల మందికి పైగా పోయారు. మన దగ్గర నూనె ట్యాంకర్ పడినప్పుడు డబ్బాలతో పరుగెత్తే వీడియోలు మీరూ చూసే ఉంటారు, ఆ అలవాటుతో పెట్రోలు ట్యాంకర్ దగ్గరికి కూడా వెళ్తారు. వెళ్లకండి, వెళ్లేవాళ్లని ఆపండి. ఆ దగ్గరలో బండి స్టార్ట్ చెయ్యకండి, ఫోన్ దూరంగా వచ్చాకే తియ్యండి.

136వ నిబంధన ప్రకారం ప్రమాదం జరగ్గానే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్పాల్సింది డ్రైవర్. అతను స్పృహలో లేకపోతే చెప్పేది అటుగా వెళ్తున్నవాళ్లే. గాలి మీ వైపు నుంచి ట్యాంకర్ వైపు వీచేలా నిలబడి, వీలైనంత దూరం నుంచి ఆ బోర్డు చదివి 112కి ఫోన్ చెయ్యండి. ‘ట్యాంకర్ పడింది’ అని ఆపెయ్యకుండా ‘1005 అని రాసుంది’ అని చెప్పండి. అది అమోనియా అని తెలిస్తే ఫైర్ ఇంజిన్ ఏ దిక్కు నుంచి రావాలో, ముందు ఏ వీధి ఖాళీ చేయించాలో, సిలిండర్ మాస్కులు పెట్టుకునే దిగాలో లేదో బయల్దేరకముందే వాళ్లు తేల్చుకోగలరు.